క్యాన్సర్ రోగికి ఆగని దాహమా? రక్తంలో కాల్షియం పరీక్ష చేయించండి

ఒక ఇంటిని ఊహించుకోండి. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో తూర్పు వైపు దిగి కామాఠీపుర గల్లీల్లోకి నడిస్తే కనిపించే పాత చాల్. రెండో అంతస్తులో ఒక ఖోలీ. ఇంటిపెద్దకు నోటి క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టించడమూ అయింది. కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఇప్పుడు పది రోజులుగా ఆయన ఊరికే నీళ్ళు అడుగుతున్నారు. రాత్రిపూట అయిదారుసార్లు లేచి గ్యాలరీ చివర ఉన్న ఉమ్మడి మరుగుదొడ్డికి వెళుతున్నారు. నాలుగు రోజులుగా విరేచనం లేదు. అన్నం చూస్తే వాంతి వచ్చేట్టుంది. నిన్నటి నుంచి మాట తడబడుతోంది. పగలంతా మగతగా పడుకుంటున్నారు. పెద్దకొడుకును చిన్నకొడుకు పేరుతో పిలుస్తున్నారు.

ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? దాహం చూసి షుగర్ అనుకుంటారు. విరేచనం కాకపోతే తిండి లేక అనుకుంటారు. మగత చూసి నీరసం అనుకుంటారు. పక్క ఖోలీలోని ఖాలా వచ్చి బలానికి ఖమీరా తినిపించమంటుంది. ఊరి నుంచి మామూ ఫోన్ చేసి, ఎముకల బలానికి కాల్షియం మాత్రలు ఇవ్వమంటాడు. ఇక చివరి రోజులు వచ్చేశాయని ఎవరో మెల్లగా అంటారు.

ఇన్ని లక్షణాలకూ వెనుక ఒకే కారణం ఉండవచ్చు. అది రక్తంలో కాల్షియం హద్దు మీరి పెరగడం. ఒక్క రక్తపరీక్షతో ఇది తెలిసిపోతుంది. దీన్ని తగ్గించే మందులు ఉన్నాయి. సకాలంలో ఇస్తే మగతలో ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లో కళ్ళు తెరిచి, మనవళ్ళను పేరుపెట్టి పిలవగలిగే అవకాశం ఉంది. ఆలస్యమైతే మూత్రపిండాలు చెడిపోతాయి, గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోవచ్చు. అందుకే ఈ వారం ఈ ఒక్క విషయాన్నే పాఠంగా చెప్పుకుందాం.

కాల్షియం ఎందుకు పెరుగుతుంది?

మన శరీరంలో దాదాపు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ దాగి ఉంటుంది. ఎముకలను ఖజానా అనుకోండి. రక్తంలో తిరిగేది చిల్లర ఖర్చుకు ఉంచుకున్న కొద్దిపాటి సొమ్ము. ఆ కొద్దిపాటిది కూడా లెక్క తప్పకూడదు. నరాలు, కండరాలు, గుండె దానిమీదే ఆధారపడి పనిచేస్తాయి. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉన్నాయి. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు అవి హార్మోన్ రూపంలో చీటీ పంపుతాయి. ఆ చీటీ అందుకుని ఎముక కొంత కాల్షియాన్ని విడుదల చేస్తుంది.

కొన్ని క్యాన్సర్ గడ్డలు ఈ చీటీని దొంగ సంతకంతో తయారుచేస్తాయి. పారాథైరాయిడ్ హార్మోన్‌ను పోలిన ఒక ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఎముక అది అసలు చీటీ అనుకుని ఖజానా తెరుస్తుంది. మూత్రపిండాలు కూడా మోసపోయి, బయటికి పంపవలసిన కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. ఇలాంటి పదార్థం ఏదో ఉండాలని అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే ఊహించారు. మన పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి తలుపులు తెరిచిన సంవత్సరం కూడా అదే. ఆ ప్రొటీన్‌ను శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపింది మాత్రం 1987లో. క్యాన్సర్ వల్ల కాల్షియం పెరిగిన ప్రతి పదిమందిలో సుమారు ఎనిమిదిమందికి కారణం ఈ దొంగ చీటీయే.

రెండో దారి వేరు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకి అక్కడే వాటిని కరిగిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లోనూ, మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సర్‌లోనూ ఇది కనిపిస్తుంది. మూడోది అరుదు. కొన్ని లింఫోమాలు విటమిన్ డి తాలూకు చురుకైన రూపాన్ని అతిగా తయారుచేస్తాయి. అప్పుడు పేగులు తిండిలోని కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి.

దొంగ చీటీ రాసే క్యాన్సర్లలో నోరు, గొంతు, ఊపిరితిత్తులు, అన్నవాహికల్లో వచ్చే పొలుసుకణాల క్యాన్సర్లు ముఖ్యమైనవి. మన బస్తీల్లో ఇవి ఎందుకు ఎక్కువో వేరే చెప్పనక్కరలేదు. ఖైనీ, గుట్కా, జర్దా పాన్, బీడీ. మహారాష్ట్రలో గుట్కాను 2012లోనే నిషేధించారు. అయినా దాన్ని తిని తెచ్చుకున్న జబ్బులతో ఎన్నో కుటుంబాలు ఇప్పటికీ బాధపడుతున్నాయి.

దాహం, మూత్రం: విషవలయం

పెరిగిన కాల్షియం మూత్రపిండాల పనిని దెబ్బతీస్తుంది. అవి నీటిని పట్టి ఉంచలేవు. మూత్రం ఎక్కువగా పోతుంది, ఒళ్ళు ఎండిపోతుంది, దాహం వేస్తుంది. పైగా వాంతుల వల్ల తాగిన నీరు నిలవదు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. దాంతో కాల్షియం బయటికి పోవడం ఇంకా తగ్గుతుంది. అది మరింత పెరుగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఇంట్లో కూర్చుని ఆపలేము.

యునానీ హకీములు నబ్జ్ చూసినంత శ్రద్ధగా కారూరా, అంటే మూత్రం చూసేవారు. ఎంత వస్తోంది, ఏ రంగులో ఉంది, ఎన్నిసార్లు వెళుతున్నారు అని అడిగేవారు. ఆ అలవాటు ఇక్కడ మీకు పనికొస్తుంది. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉంటే ఒక కాగితం మీద రోజూ నాలుగు విషయాలు రాయండి. ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళారు, విరేచనం అయిందా, మాట స్పష్టంగా ఉందా. చాల్‌లో రాత్రిపూట గ్యాలరీ చివరకు ఎన్నిసార్లు నడిచారో లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. ఆ కాగితం డాక్టరుకు ఎంతో చెబుతుంది.

పరీక్ష, దానిలోని మెలిక

రక్తంలో మొత్తం కాల్షియం సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ల్యాబును బట్టి కాస్త తేడా ఉండవచ్చు. 12 లోపు పెరిగితే స్వల్పం, 12 నుంచి 14 వరకు మధ్యరకం, 14 దాటితే తీవ్రం. అంకె తక్కువగా ఉన్నా, వేగంగా పెరిగితే మనిషి త్వరగా మగతలోకి పోతాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రక్తంలోని కాల్షియంలో సగానికి దగ్గరగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. క్యాన్సర్‌తో చిక్కిపోయిన మనిషిలో ఆల్బుమిన్ తగ్గుతుంది. అప్పుడు రిపోర్టులో కాల్షియం అంకె ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. దీన్ని సరిచేసే లెక్క సులువు. ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గిన కొద్దీ కాల్షియం అంకెకు 0.8 కలపాలి. ఉదాహరణకు రిపోర్టులో కాల్షియం 10.4 ఉంది. చూడటానికి మామూలే. కానీ ఆల్బుమిన్ 2 ఉంది. రెండు గ్రాములు తక్కువ, కనుక 1.6 కలపాలి. అసలు లెక్క 12. అందువల్ల కాల్షియం రాయించేటప్పుడు ఆల్బుమిన్, క్రియాటినిన్ కూడా రాయమని అడగండి. అయానిక్ కాల్షియం పరీక్ష అందుబాటులో ఉంటే అది ఇంకా నమ్మకమైనది.

ఆసుపత్రిలో ఇచ్చే మందులు

ఈ మందులన్నీ ఆసుపత్రిలో, డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చేవే. మీ మనిషికి ఏమి ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో తెలిస్తే మీకు భయం తగ్గుతుంది. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది సెలైన్. అన్నిటికంటే ముందు ఒంట్లో ఇంకిపోయిన నీటిని నింపాలి. నరం ద్వారా మామూలు ఉప్పునీటి సెలైన్ ఎక్కిస్తారు. ఎంత వేగంగా ఎక్కించాలన్నది వయసును, గుండెను, మూత్రపిండాలను చూసి నిర్ణయిస్తారు. గుండె బలహీనంగా ఉన్నవారికి నెమ్మదిగా ఇస్తారు. లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సెలైన్ ఒక్కటే కాల్షియాన్ని కొంత తగ్గిస్తుంది గానీ తీవ్రమైన కేసుల్లో సరిపోదు. మూత్రం ఎక్కువగా పోయించే ఫ్రూసెమైడ్‌ను పూర్వం అందరికీ ఇచ్చేవారు. ఇప్పుడు ఒంట్లో నీరు ఎక్కువైనవారికి మాత్రమే ఇస్తున్నారు.

రెండోది కాల్సిటోనిన్. చర్మం కిందగానీ కండరంలోగానీ ఇచ్చే ఇంజెక్షన్. శరీర బరువు కిలోకు 4 యూనిట్ల చొప్పున 12 గంటలకోసారి మొదలుపెడతారు. దీని మేలు వేగం. నాలుగు నుంచి ఆరు గంటల్లో పని మొదలవుతుంది. దీని లోపం, రెండు రోజులు దాటితే శరీరం అలవాటుపడి మందు ప్రభావం సన్నగిల్లడం. కాబట్టి అసలు మందు పనిచేయడం మొదలుపెట్టేదాకా ఇది వంతెన లాంటిది.

మూడోది జోలెడ్రోనిక్ ఆసిడ్. బిస్‌ఫాస్ఫొనేట్లు అనే కుటుంబానికి చెందిన మందు ఇది. ఎముకను కరిగించే కణాల చేతులు కట్టేస్తుంది, ఖజానా తలుపు మూస్తుంది. 4 మిల్లీగ్రాములను నరం ద్వారా కనీసం 15 నిమిషాల సేపు ఎక్కిస్తారు. ఫలితం రెండు నుంచి నాలుగు రోజుల్లో కనిపిస్తుంది, కొన్ని వారాలు నిలుస్తుంది. దీనికి ముందు ఎక్కువగా వాడిన మందు పామిడ్రొనేట్. 2001లో వెలువడిన పరిశోధనలో పది రోజులు గడిచేసరికి జోలెడ్రోనిక్ ఆసిడ్ 4 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 88 శాతం మందికి, పామిడ్రొనేట్ తీసుకున్నవారిలో 70 శాతం మందికి కాల్షియం మామూలు స్థితికి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో జోలెడ్రోనిక్ ఆసిడ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో చాలా కంపెనీలు దీన్ని తయారుచేస్తున్నాయి. బ్రాండు పేరు మారినా లోపలి మందు అదే.

ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. దానికి కంగారుపడవద్దు, డాక్టరుకు చెప్పండి. ఈ మందు మూత్రపిండాలమీద భారం వేస్తుంది. అందుకే ఇచ్చేముందు క్రియాటినిన్ చూస్తారు.

నాలుగోది డెనోసుమాబ్. 120 మిల్లీగ్రాములు చర్మం కింద ఇస్తారు. బిస్‌ఫాస్ఫొనేట్లతో లొంగని కేసులకు అమెరికాలో 2014లో దీనికి అనుమతి లభించింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కూడా ఇవ్వగలగడం దీని ప్రత్యేకత. అయితే అలాంటివారిలో కాల్షియం మరీ కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి, కండరాలు పట్టేయడం కనిపిస్తే వెంటనే తెలియజేయాలి. 2022 చివర్లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన సూచనల్లో జోలెడ్రోనిక్ ఆసిడ్ వంటి మందులకంటే డెనోసుమాబ్‌కు కొంత మొగ్గు చూపారు. తీవ్రమైన కేసుల్లో కాల్సిటోనిన్‌ను ఈ రెండు రకాల్లో ఒకదానితో కలిపి వాడమన్నారు. అయితే ఆ మొగ్గుకు ఆధారాలు అంత గట్టివి కావని వారే చెప్పారు. ఖరీదు, మూత్రపిండాల స్థితి చూసి మీ డాక్టరు ఏది ఎంచినా అది తప్పు మందు అనుకోవద్దు.

అయిదోది స్టెరాయిడ్లు. విటమిన్ డి దారిలో కాల్షియం పెంచే లింఫోమాల్లో ఇవి బాగా పనిచేస్తాయి. అందరికీ పనిచేయవు.

ఆరోది డయాలిసిస్. మూత్రపిండాలు పూర్తిగా మొరాయించినప్పుడు, సెలైన్ ఎక్కించే వీలు లేనప్పుడు ఆశ్రయించే మార్గం.

పళ్ళ విషయం మరచిపోవద్దు

జోలెడ్రోనిక్ ఆసిడ్, డెనోసుమాబ్ వాడినవారిలో కొందరికి దవడ ఎముక చచ్చుబడే సమస్య వస్తుంది. ఇది 2003 నుంచి వెలుగులోకి వచ్చింది. పన్ను పీకించిన తర్వాత ఎక్కువగా మొదలవుతుంది. నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్నవారి దవడ ముందే బలహీనంగా ఉంటుంది కనుక వారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాల్షియం బాగా పెరిగిన అత్యవసర సమయంలో పళ్ళ పరీక్ష కోసం ఇంజెక్షన్ ఆపనక్కరలేదు. కానీ ఆ తర్వాత క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా ఎవరిచేతా పన్ను పీకించవద్దు.

యునానీ మందులు వాడేవారికి ముఖ్య గమనిక

ఈ శీర్షిక యునానీకి చెందినది. అందుకే ఈ మాట మనమే చెప్పాలి. ఈ అత్యవసర స్థితిలో సెలైన్‌కు, ఇంజెక్షన్‌కు బదులుగా ఇవ్వదగిన కుష్తాగానీ మాజూన్‌గానీ లేదు.

పైగా మన మందులపెట్టెలో కాల్షియంతో తయారైనవి చాలా ఉన్నాయి. కుష్తా మర్జాన్ పగడంతో చేస్తారు. కుష్తా సదఫ్ ముత్యపు చిప్పతో చేస్తారు. కుష్తా బైజా ముర్గ్ కోడిగుడ్డు పెంకుతో చేస్తారు. ఇవన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఖమీరా మర్వారీద్‌లో పడే ముత్యమూ అంతే. కుష్తా గావ్‌దంతీ కాల్షియం సల్ఫేట్ అయిన జిప్సం నుంచి వస్తుంది. చిటికెడు కుష్తాలో ఉండే కాల్షియం కొద్దిపాటిదే, జబ్బుకు మూలం అది కాదు. అయినా పొంగుతున్న కుండలో ఇంకో చెంబుడు నీళ్ళు ఎందుకు పోయాలి? అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. బలానికి మందు ఇస్తున్నాం కదా అని వారం రోజులు ఆగిపోతాం. ఆ వారమే ప్రాణాంతకం.

మలబద్ధకం ఉంది కదా అని సనా, అంటే సునాముఖి వంటి ముస్‌హిల్ మందులు గట్టిగా ఇవ్వవద్దు. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు ఇంకా పోతుంది. షర్బత్ బజూరీ వంటి మూత్రం జారీచేసే మందులూ ఇప్పుడు తగవు. మీరు హకీమ్ సాహెబ్ దగ్గరకు వెళితే క్యాన్సర్ ఉన్నట్టు దాచకుండా చెప్పండి. అలాగే ఆసుపత్రి డాక్టరు దగ్గర మీరు వాడే కుష్తాల పేర్లు దాచవద్దు. డబ్బా వెంట తీసుకెళ్ళడం ఇంకా మంచిది.

అల్లోపతిలోనూ ఆపవలసినవి ఉన్నాయి. కాల్షియం మాత్రలు, 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి, కాల్షియం ఉన్న గ్యాస్ మాత్రలు, థయాజైడ్ రకం బీపీ మాత్రలు. వీటి గురించి డాక్టరును అడగండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు మార్చి ఇస్తారు. నొప్పికి దుకాణంలో కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

రమజాన్‌లో ఇంకో మాట. ఇలాంటి రోగి నీళ్ళు లేకుండా రోజంతా ఉండటం చాలా ప్రమాదం. రోగులకు రోజా నుంచి మినహాయింపు ఉంది. ఇంటిపెద్ద పట్టుబట్టినా మీరు నెమ్మదిగా నచ్చజెప్పాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో రాళ్ళెత్తిన మన కామాఠీల పేరుమీదే కామాఠీపుర వెలిసింది. అప్పటి నుంచీ మనకు ఒక అలవాటు ఉంది. జబ్బు ముదిరితే మనిషిని ఊరికి పంపించేయడం. కాల్షియం పెరిగిన మనిషిని రాత్రంతా రైల్లోనో బస్సులోనో తీసుకెళ్ళడం పెద్ద పొరపాటు. ముందు ఇక్కడే వైద్యం చేయించి, కాల్షియం దిగాక డాక్టరు ఒప్పుకుంటేనే ప్రయాణం పెట్టుకోండి.

గ్రాంట్ రోడ్ వారికి నాయర్ ఆసుపత్రి, జె.జె. ఆసుపత్రి రెండూ దగ్గరే. క్యాన్సర్ ఫైలు టాటా మెమోరియల్‌లో ఉంటే లోకల్‌లో ప్రభాదేవి స్టేషన్‌లో దిగి వెళ్ళవచ్చు. మగతలో ఉన్న మనిషిని మాత్రం లోకల్ ఎక్కించకండి, టాక్సీ మాట్లాడుకోండి. లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి సెలైన్ మొదలుపెట్టించండి. హైదరాబాదులో ఉన్న బంధువులకైతే రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఖర్చు గురించి ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను మొదటిరోజే కలవండి. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

నిజం కూడా తెలుసుకోవాలి

ఈ మందులు కాల్షియాన్ని దించుతాయి, క్యాన్సర్‌ను కాదు. క్యాన్సర్‌కు వైద్యం సాగకపోతే కొన్ని వారాల్లో కాల్షియం మళ్ళీ పెరుగుతుంది. చాలామందిలో ఇది క్యాన్సర్ ముదిరిందనడానికి గుర్తు కూడా. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు తట్టుకోవడం కష్టం. అయినా ఇంజెక్షన్ వృథా కాదు. వాంతులు తగ్గి రెండు ముద్దలు తినగలగడం, నొప్పి చెప్పుకోగలగడం, అప్పుసొప్పుల లెక్క తేల్చుకోవడం, వసీయత్ చెప్పుకోవడం, బిడ్డలతో తెలివిగా నాలుగు మాటలు మాట్లాడటం, ఇవన్నీ మనిషికి దక్కవలసిన హక్కులు. మళ్ళీ మళ్ళీ ఇంజెక్షన్లు వద్దనుకునే దశ కూడా రావచ్చు. ఆ నిర్ణయం రోగి, కుటుంబం, డాక్టరు కలిసి తీసుకోవలసింది. పరీక్షే చేయించకుండా, నీరసమని పక్కన పడుకోబెట్టడం మాత్రం నిర్ణయం కాదు.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసినవి

1. క్యాన్సర్ రోగిలో అతిదాహం, అతిమూత్రం, మలబద్ధకం, వాంతులు, మగత, మాట తడబాటు వీటిలో రెండు మూడు కలిసి కనబడితే అదేరోజు కాల్షియం పరీక్ష చేయించండి.

2. కాల్షియంతోపాటు ఆల్బుమిన్, క్రియాటినిన్ కూడా చూడమని అడగండి.

3. కుష్తాలు, కాల్షియం మాత్రలు, విటమిన్ డి వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి.

4. మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే నీళ్ళు తాగించండి. మగతలో ఉన్నవారి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

5. ఇంటికి వచ్చేముందు ఒక ప్రశ్న తప్పక అడగండి: మళ్ళీ కాల్షియం పరీక్ష ఏ రోజు చేయించాలి? ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఈ పేజీని కత్తిరించి క్యాన్సర్ ఫైల్లో పెట్టుకోండి. మీకు అవసరం లేకపోతే, మీ చాల్‌లో ఎవరి ఇంట్లో అవసరమో మీకే తెలుసు. వారికి ఇవ్వండి.